పోయిన గ్యాస్ ఎక్కడికి పోయింది? కారు ఏసీ గేజ్ సెట్ వాడి చూశాక

ముందే చెప్పేస్తున్నా, ఏసీ గొట్టాల్లో గ్యాస్ ఒత్తిడి కొలిచే ఈ గేజ్ సెట్ కొన్నంత మాత్రాన కారు ఏసీ చల్లబడదు. దీంతో ఏదీ రిపేరు కాదు. ఏది రిపేరు చేయాలో మాత్రం తెలుస్తుంది, నా బండికి అనవసరంగా కంప్రెసర్ మార్చే పని తప్పించింది ఇదే. అందుకే ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కింద రాశాను.

అసలు సంగతి ఏంటంటే, ఏసీ వేస్తే బ్లోయర్ గాలి బాగానే కొడుతోంది కానీ చల్లదనం లేదు. మామూలుగా బండి ఇచ్చే షెడ్డుకి తీసుకెళ్తే గ్యాస్ తగ్గిందన్నారు, నింపారు, ఆ రోజు చేతులు జివ్వుమనేంత చల్లగా వచ్చింది. మూడు వారాలకి మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ నింపారు, ఈసారి రెండు వారాలు కూడా ఆగలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు "అన్నా, రెండుసార్లు నింపిన గ్యాస్ ఎక్కడికి పోయింది?" అని అడిగాను. "పాత బండి కదండీ, కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది. పైగా మీ కంప్రెసర్ కూడా వీక్ అయినట్టుంది, అది మార్చేస్తే ఇక తిరగాల్సిన పనుండదు" అన్నారు. ఆ మాట చెప్పడానికి ముందు ఆయన బానెట్ ఎత్తారు, ఒక పైపు చేత్తో పట్టుకుని చూశారు, అంతే. గేజ్ తగిలించలేదు. మొత్తం ఏసీలో ఖరీదైన భాగాన్ని ఒక్క కొలత కూడా తీయకుండా మార్చేయమంటే మనసొప్పలేదు. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను, వచ్చిన రాత్రే గేజ్ సెట్ ఆర్డర్ పెట్టాను.

చాలామంది ఒప్పేసుకునే మాట ఒకటుంది, ఏసీ గ్యాస్ అప్పుడప్పుడూ నింపించుకోవాలి అని. పెట్రోలులాగా ఖర్చయ్యే వస్తువు కాదది. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, కంప్రెసర్ దాన్ని ఒత్తుతుంది, ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, సన్నటి దారిలోంచి దూరి డ్యాష్‌బోర్డు వెనకున్న ఎవాపరేటర్‌లో ఆవిరై క్యాబిన్ వేడిని లాక్కుంటుంది, మళ్ళీ కంప్రెసర్‌కే వస్తుంది. రబ్బరు గొట్టాల్లోంచి, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు నుంచి ఏళ్ళ తరబడి కొంత తగ్గడం నిజమే. వారాల్లో ఖాళీ అయిందంటే మాత్రం ఎక్కడో దారి ఉన్నట్టే, ఆ దారి మూయకుండా ఎన్నిసార్లు నింపినా గాల్లోకి వదులుతున్నట్టే. ఆ వదిలేది కూడా మామూలు గాలి కాదు. చాలా కార్ల ఏసీల్లో వాడే ఆర్134ఏ అనే గ్యాస్ వాతావరణాన్ని వేడెక్కించడంలో అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైనే. రెండుసార్లు నింపించుకున్న రోజుల్లో నాకు ఈ సంగతి తట్టనే లేదు, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

సరే, వస్తువు గురించి. రెండు గేజ్‌లు, వాటి కింద రెండు వాల్వులున్న లోహపు దిమ్మ, మధ్యలో గ్యాస్ పారేది కనిపించే చిన్న గాజు కిటికీ, నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో మూడు గొట్టాలు, పోర్టులకు తగిలించే రెండు కప్లర్లు, వెంట్‌లో గుచ్చే థర్మామీటర్, వాల్వు పిన్ను విప్పే చిన్న పనిముట్టు, ఇవీ వచ్చినవి. నీలం తక్కువ ఒత్తిడి వైపు, ఎరుపు ఎక్కువ ఒత్తిడి వైపు. తారుమారు చేస్తానేమో అని మొదటిసారి వాడేవాళ్ళకి భయం ఉంటుంది, అక్కర్లేదు, ఆర్134ఏ బండ్లలో నీలం వైపు పోర్టు 13 మిల్లీమీటర్లు, ఎరుపు వైపు 16, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. గేజ్‌ల లోపల గ్లిజరిన్ నింపి ఉంది, దానివల్ల ఇంజన్ నడుస్తున్నా ముల్లు వణకదు, ఇది నాకు బాగా నచ్చింది.

గేజ్ ముఖం మీద చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. బయటి వలయంలో ఒత్తిడి అంకెలు, పీఎస్ఐ అనే కొలతలో. లోపల ఇంకొన్ని వలయాలు, ఒక్కో రకం గ్యాస్‌కి ఒక్కోటి, వాటిలో ఉన్నవి ఉష్ణోగ్రత అంకెలు. ఈ సెట్‌కి పెట్టిన డబ్బంతా ఆ లోపలి వలయానికే అంటాను. బండి రాత్రంతా ఆగి, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు రెండు వైపులా తగిలిస్తే రెండు ముళ్ళూ ఒకే అంకె చూపిస్తాయి. లోపల ద్రవం కొంచెమైనా మిగిలి ఉంటే ఆ ఒత్తిడి బయటి ఉష్ణోగ్రతని బట్టే ఉంటుంది, ఎంత గ్యాస్ ఉందన్నదాన్ని బట్టి కాదు. వంటగ్యాస్ సిలిండర్ సగం ఉన్నా పావు ఉన్నా స్టవ్ మంట ఒకేలా రావడం లేదూ, అలా. బయట 30 డిగ్రీలుంటే ఆర్134ఏ 97 పీఎస్ఐ దగ్గర నిలబడాలి, లోపలి వలయం కూడా 30 దగ్గరే చూపించాలి. నా బండి నీడలో ఉంది, పక్కన పెట్టిన థర్మామీటర్ 30 చూపిస్తోంది, ముళ్ళు రెండూ 50 దగ్గర ఆగిపోయాయి. 50కి ఎదురుగా లోపలి వలయంలో ఉన్నది 12. అంటే లోపల ద్రవం చుక్క కూడా లేదు, మిగిలింది కాస్త ఆవిరి మాత్రమే. ఇంజన్ వేయకుండానే ఇంత సంగతి తెలిసింది. ఇందులో ఒక మెలిక ఉంది, గుర్తుపెట్టుకోండి. 50 ఉంటే తగ్గిందని రూఢిగా చెప్పొచ్చు కానీ 97 ఉంటే నిండుగా ఉందని చెప్పలేం, సగం ఉన్నా 97 చూపిస్తుంది. ఎంత ఉందో బరువు తూచి తెలుసుకోవాల్సిందే.

తర్వాత ఇంజన్ వేసి ఏసీ ఆన్ చేశాను. కంప్రెసర్‌ని ఇంజన్‌తో కలిపే క్లచ్ టక్కుమని పట్టుకుంది, నీలం ముల్లు 50 నుంచి గబగబా జారి 20కి వచ్చింది, టక్కుమని వదిలేసింది, ముల్లు పైకి లేచింది, మళ్ళీ పట్టుకుంది. కొన్ని సెకన్లకోసారి ఇదే వరస. మా బండిలో తక్కువ ఒత్తిడి వైపు ఒక స్విచ్ ఉంది, ఒత్తిడి మరీ పడిపోతే అది కంప్రెసర్‌ని ఆపేస్తుంది, ఆ చప్పుడు దాని పనే. ఎరుపు ముల్లు 100 కూడా దాటలేదు. ఇక్కడే కంప్రెసర్ మాట తేలిపోయింది. కంప్రెసర్ నిజంగా అరిగిపోతే అటు నుంచి లాగలేదు, ఇటు ఒత్తలేదు, నీలం వైపు ఉండాల్సిన దానికంటే ఎక్కువ, ఎరుపు వైపు తక్కువ, రెండూ దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. నాది 20 దాకా లాగి పడేస్తోంది. లాగడానికి లోపల సరుకు లేదు, అంతే. ఆ 20 చూశాక నా గుండె కుదుటపడింది.

గ్యాస్ తక్కువ ఉన్నప్పుడు ఏసీని ఎక్కువసేపు నడపకండి. కంప్రెసర్‌కి కావాల్సిన నూనె గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది, గ్యాస్ లేకపోతే నూనె వెనక్కి రాదు, అప్పుడు బాగున్న కంప్రెసర్ కూడా నిజంగానే పాడవుతుంది.

లీకు కనిపెట్టడానికి యూవీ డై (యూవీ వెలుగు పడితే మెరిసే రంగు), యూవీ టార్చ్, పసుపు కళ్ళద్దాలు విడిగా కొన్నాను, ఈ సెట్‌లో అవి రావు. డై ఒక్క డోసు చాలు, ఎక్కువ పోస్తే లోపలి నూనె పల్చబడుతుంది. నీలం వైపు నుంచి ఎక్కించి, పావుగంట చొప్పున రెండు రాత్రులు ఏసీ వేశాను. మూడో రాత్రి లైట్లన్నీ ఆపేసి టార్చ్ వేసి చూస్తే నీలం వైపు పోర్టు చుట్టూ పచ్చగా వెలిగిపోతోంది. దొరికిందనుకున్నాను. అది డై ఎక్కించి గొట్టం విప్పినప్పుడు నేనే ఒలకబోసిన చుక్క. గుడ్డతో, బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా తుడిచి మళ్ళీ పది నిమిషాలు నడిపి చూస్తే అక్కడ ఏమీ లేదు. తుడవకుండా చూసిన చోటుని నమ్మకండి.

అసలు మరక కండెన్సర్ కింది మూలలో కనిపించింది. బంపర్ జాలీ సందులోంచి టార్చ్ పెట్టి చూస్తే నిమ్మపండు రంగులో సన్నటి గీత, కండెన్సర్ సన్నటి రేకుల మీద దుమ్ముతో కలిసి జిడ్డుగా ఉంది. రాయి తగిలి కండెన్సర్‌కి చిల్లు పడిందనే అనుకున్నాను, అలా అనుకోవడం తేలిక, ఎందుకంటే అన్నిటికంటే ముందుండి రాళ్ళ దెబ్బలు తినేది అదే. కానీ నూనె కిందికి జారుతుంది కదా, మరక ఆగిన చోటు కాదు, మొదలైన చోటు చూడాలి. ఆ గీత వెంట టార్చ్‌ని మెల్లగా పైకి జరుపుతూ పోతే అది పక్క పట్టీ మీదుగా ఎక్కి, కంప్రెసర్ నుంచి వచ్చే పైపు కండెన్సర్‌లో బిగించే అల్యూమినియం దిమ్మ దగ్గర ఆగింది. దిమ్మకీ కండెన్సర్‌కీ మధ్య సందులో చుట్టూ పచ్చటి గీత, దారం చుట్టినట్టు. సబ్బు నీళ్ళు బ్రష్‌తో రాసి కాసేపు కదలకుండా చూశాను. ముందు ఏమీ రాలేదు, తర్వాత ఆవగింజంత బుడగ ఒకటి, దాని పక్కన ఇంకోటి, అవి పగలవు, నెమ్మదిగా ఊరుతూ ఉంటాయి. ఆ సందులో ఉండేది ఒక రబ్బరు రింగు. వేడికి గట్టిపడి పట్టు వదిలేసింది. కంప్రెసర్ మార్చి ఉంటే కొత్త కంప్రెసర్ పెట్టుకుని కూడా ఇదే సందులోంచి గ్యాస్ పోయేది.

ఇక్కడితో గేజ్ సెట్ పని అయిపోయింది, మిగతాది నేను ఇంట్లో చేసేది కాదు, చేయకూడదు కూడా. లోపలున్న గ్యాస్‌ని గాల్లోకి వదిలేయకూడదు, చాలా దేశాల్లో అది చట్టరీత్యా నేరం, దాన్ని వెనక్కి లాగి దాచే రికవరీ యంత్రం ఉండాలి. ఆ యంత్రం ఉన్న వేరే వర్క్‌షాప్‌కి ఫోటోలు పట్టుకుని వెళ్ళాను. వాళ్ళు లాగిన గ్యాస్ బరువు యంత్రం తెర మీద పడింది, 90 గ్రాములు. బానెట్ కింద స్టిక్కర్ మీద ఉండాల్సింది 550. రింగు మార్చారు, వేసే ముందు దానికి కంప్రెసర్ నూనె పూశారు, పొడిగా వేస్తే బిగించేటప్పుడు నలిగి చిరుగుతుందట. తర్వాత 45 నిమిషాలు వాక్యూమ్. దీన్ని చాలామంది లీకు పరీక్ష అనుకుంటారు, దాని అసలు పని లోపల చేరిన గాలినీ తేమనీ తీసేయడం, అంత తక్కువ ఒత్తిడిలో నీరు మామూలు వేడికే మరిగి ఆవిరై వచ్చేస్తుంది. వాక్యూమ్ నిలిచిందంటే పెద్ద లీకు లేదనే అర్థం, లీకే లేదని కాదు. వాక్యూమ్‌లో బయటి గాలి లోపలికి నొక్కేది 15 పీఎస్ఐ కంటే తక్కువే, నడిచేటప్పుడు అదే రింగు మీద లోపలి నుంచి 200 పడుతుంది. అందుకే మిగతా కీళ్ళు కూడా నత్రజనిని ఒత్తిడితో ఎక్కించి చూడమని అడిగాను, చూశారు. ఆఖరున సరిగ్గా 550 గ్రాములు తూచి ఎక్కించారు. బరువు చూసి నింపే చోటికే వెళ్ళండి, గేజ్ చూసి ఇంత చాలనుకుని నింపే చోటికి వద్దు. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లగా ఉంటుందనేది తప్పు, ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

గేజ్ లేకుండానే తేలిపోయే కేసులు చాలా ఉన్నాయి, కొనే ముందు అవి చూసుకోండి. గాలి జోరే తగ్గితే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. మొదట చల్లగా వచ్చి, కాసేపటికి గాలి తగ్గిపోయి, ఏసీ కొంచెంసేపు ఆపితే మళ్ళీ బాగుంటే ఎవాపరేటర్ మంచు కడుతున్నట్టు. మా తమ్ముడి కారులో ఇంకో రకం. గేజ్ తగిలిస్తే అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి, తక్కువ ఒత్తిడి పైపు చేతికి చల్లగా తగిలి నీటి చుక్కలు పట్టింది, క్యాబిన్‌లోకి మాత్రం వెచ్చటి గాలి. డ్యాష్‌బోర్డు వెనక టిక్ టిక్ మని చప్పుడు. వేడి గాలి, చల్ల గాలి కలిపే తలుపుని తిప్పే చిన్న మోటారులో పళ్ళు విరిగాయి, ఏసీకి ఏ జబ్బూ లేదు. ఆఫీసులో ఒకాయన బండి రోడ్డు మీద పోతుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వెచ్చగా. ఆగి ఉన్నప్పుడు ఎరుపు ముల్లు 300 దాటి పోతోంది. కండెన్సర్ మీద మగ్గుతో నీళ్ళు చల్లగానే ముల్లు కళ్ళముందే దిగింది, లోపలికి చల్లగాలి వచ్చింది. కండెన్సర్ ఫ్యాన్ తిరగడం లేదు, దానికి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి రిలే పోయింది. గ్యాస్ తగ్గిందేమో అని ఆయన నింపించుకోవడానికి బయల్దేరుతున్నారు ఆ రోజు.

ఒక్క గేజ్‌తో గ్యాస్ డబ్బా అమ్ముతారు, ముల్లు ఆకుపచ్చ రంగులోకి వచ్చేదాకా నింపమంటారు, అది వద్దనే చెప్తాను. అది చూపించేది ఒక్క నీలం వైపే. కంప్రెసర్ పట్టుకోకపోయినా నీలం వైపు ఎక్కువే చూపిస్తుంది, అరిగిపోయినా ఎక్కువే చూపిస్తుంది, రెండో ముల్లు లేకుండా దాని అర్థం తెలియదు. లీకు మూసే మందు కలిపిన డబ్బాలైతే అసలు ముట్టుకోవద్దు, లోపలి సన్నటి దారులు పూడిపోవచ్చు, వర్క్‌షాప్ వాళ్ళ రికవరీ యంత్రం పాడవుతుందని ఆ తర్వాత మీ బండిని చేర్చుకోకపోవచ్చు.

ఇక ఆ తగ్గించిన మార్కు. కప్లర్ల మీద తిప్పే బిళ్ళలు ప్లాస్టిక్‌వి, ఎరుపుది రెండోసారికే వదులైంది, విప్పేటప్పుడు బుస్సుమని గ్యాస్ చిమ్మింది. ఆర్134ఏ బయటి ఒత్తిడిలో సున్నాకి 26 డిగ్రీలు కింద మరుగుతుంది, చర్మం మీద పడితే మంచుకాటే, కంట్లో పడితే చూపుకే ముప్పు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయకండి. ఎరుపు గొట్టం తీసేముందు ఇంజన్ ఆపి, ఆ ముల్లు దిగేదాకా ఆగండి. ఇంజన్ నడుస్తుండగా దిమ్మ మీది ఎరుపు వాల్వు మాత్రం తెరవొద్దు, చూడటానికి రెండు వాల్వులూ మూసే ఉంచాలి. గొట్టాల చివర రబ్బరు వాషర్లు నాసిగా ఉన్నాయి, ఒకటి మొదటి రోజే నలిగింది, వేరేవి వేసుకున్నాను. నీలం ముల్లు సున్నా దగ్గర కాకుండా 3 దగ్గర ఆగింది, అద్దం విప్పి లోపలి చిన్న స్క్రూ తిప్పితే సర్దుకుంది కానీ అది చేయాలని కాగితంలో ఎక్కడా లేదు. లోపలి వలయాల అక్షరాలు మరీ సన్నం, నేను ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదివాను. కొత్త బండ్లలో వచ్చే ఆర్1234వైఎఫ్‌కి ఈ కప్లర్లు పట్టవు, అది మండే గుణం కూడా ఉన్న గ్యాస్, దానికి వేరే సెట్ కావాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లవాళ్ళు దీని జోలికి రావద్దు, అక్కడ కంప్రెసర్‌కి వెళ్ళే నారింజ రంగు తీగల్లో ప్రాణాంతకమైన కరెంటు ఉంటుంది, నూనె రకం కూడా వేరు.

రిపేరైన వారానికి ఒక్కసారి గేజ్ తగిలించాను, తగిలించిన ప్రతిసారీ కొద్దిగా గ్యాస్ గొట్టాల్లోకి పోతుంది కాబట్టి ఊరికే ఊరికే తగిలించను. బయట 32 డిగ్రీలు, ఇంజన్ కొంచెం రేజ్ చేసి పెట్టాను. నీలం ముల్లు 32 పీఎస్ఐ దగ్గర, లోపలి వలయంలో అది దాదాపు 3 డిగ్రీలు. ఎరుపు 200, వలయంలో 54. ఒకే గ్యాస్, డ్యాష్‌బోర్డు వెనక 3 డిగ్రీల దగ్గర, బంపర్ వెనక 54 దగ్గర, ఆ తేడా ఉంది కాబట్టే లోపలి వేడి బయటికి పోతోంది. వెంట్‌లో థర్మామీటర్ 7 చూపించింది.

ఇప్పటికి ఆరు వారాలైంది. నిన్న రాత్రి గేజ్ తగిలించకుండా టార్చ్ ఒక్కటే పట్టుకుని ఆ దిమ్మ దగ్గర, కింద కండెన్సర్ మూల దగ్గర చూశాను. తుడిచిన చోటు తుడిచినట్టే ఉంది, ఎక్కడా పచ్చగా మెరవలేదు. వెంట్‌లో ఇంకా అదే 7.